వరద కాలువ నుంచి నగర పీఠం దాకా

ఏటా సెప్టెంబర్ 15న అమెరికాలో లాటినో, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవారి, వారసత్వ మాసం మొదలవుతుంది. గ్వాటెమాలా, హోండురస్, ఎల్ సాల్వడోర్, నికరాగువా, కోస్టారికాల స్వాతంత్ర్య దినం అది. మర్నాడు మెక్సికోది. 1968లో లిండన్ జాన్సన్ హయాంలో వారం రోజుల వేడుకగా పుట్టి, 1988లో రీగన్ సంతకంతో నెల రోజులకు పెరిగింది. ఈ నెలంతా నగర సభల్లో ప్రశంసాపత్రాలు, కంపెనీల్లో విందులు, మార్పు తెచ్చిన నాయకుల పేరిట ఫొటోల వరసలు. మన దగ్గర శాలువా, మెమెంటో, ఫ్లెక్సీ నడిచినట్టే. సన్మానాలతో మాకు పేచీ లేదు. 2020 జనగణన నాటికే 6.21 కోట్లకు చేరి, దేశ జనాభాలో దాదాపు అయిదో వంతుగా ఉన్న సమూహం తన పెద్దలను తలచుకోవడం సహజం, అవసరం కూడా. మా పేచీ అల్లా ఎవరిని తలచుకుంటున్నారన్న దాని మీదే. ఉపన్యాసంతో ఊరిని ఊపినవాళ్లు ఎప్పుడూ గుర్తుంటారు. పాత బడ్జెట్ కాగితాలు తిరగేసి, ఓటర్ల జాబితాలో పేర్లు ఎక్కించి, తమ కుర్చీని వేళకు మరొకరికి అప్పగించి వెళ్లినవాళ్లు గుర్తుండరు. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో నగరం ఈ రెండో రకం మనుషులకు పుట్టినిల్లు.

ఆ నగరానికి పడమటి వైపు మెక్సికన్ మూలాలున్న పేదల పేటలు ఉండేవి. గట్టి వాన కురిస్తే వీధులే వాగులయ్యేవి. పిల్లలు బురదనీళ్లలో నడిచి బడికి పోయేవారు. ఉత్తరం వైపు కొత్త కాలనీలకు రోడ్లు, కాలువలు పడుతూనే ఉన్నాయి. ఇందులో వింతేమీ లేదు. 1955 నుంచి దాదాపు రెండు దశాబ్దాలు 'గుడ్ గవర్నమెంట్ లీగ్' పేరుతో వ్యాపార ప్రముఖులు ఏ జాబితా తయారుచేస్తే ఆ జాబితాయే నగర పాలకవర్గం. వార్డులు లేవు. ప్రతి స్థానానికీ ఊరంతా ఓటేయాలి. అంటే ఎన్నికల్లో డబ్బు పెట్టగలిగినవాడిదే నెగ్గుడు. జాబితాలో ఒకటి రెండు మెక్సికన్ పేర్లు ఉండేవి. ఆ పేర్లు ఎవరివో తేల్చేది మాత్రం పడమటి పేట కాదు.

ఎర్నెస్టో కోర్టెస్ ఆ ఊరివాడే. 1970ల మొదట్లో షికాగోలో సంఘ నిర్మాణం నేర్చుకుని సొంతూరికి వచ్చాడు. వస్తూ వస్తూ ఎజెండా తేలేదు. కేథలిక్ చర్చిల పరిధిలో ఇంటింటికీ తిరిగి, మిమ్మల్ని ఏది బాధిస్తోంది అని అడిగాడు. చదువుకున్న కార్యకర్తలు వివక్ష గురించి, పోలీసుల దౌర్జన్యం గురించి మాట్లాడే కాలం అది. తల్లులు మాత్రం కాలువ కావాలన్నారు. చర్చిల్లో చందాలు లెక్కపెట్టేవాళ్లు, బడి తల్లిదండ్రుల సంఘాల్లో పనిచేసేవాళ్లు, జాతరలకు వంట చేసేవాళ్లు, అంటే అప్పటికే పదిమంది నమ్మినవాళ్లే 1974లో 'కమ్యూనిటీస్ ఆర్గనైజ్డ్ ఫర్ పబ్లిక్ సర్వీస్'కు నాయకులయ్యారు. పొట్టిగా కాప్స్. కెల్లీ వైమానిక స్థావరంలో ఉద్యోగి ఆండ్రెస్ సరాబియా తొలి అధ్యక్షుడు.

ఆ ఏడాది ఆగస్టులో వాన ముంచెత్తింది. కాప్స్ సభ్యులు అంతకు ముందే పాత దస్త్రాలు తిరగేసి పెట్టుకున్నారు. తమ పేటలో మేబెరీ కాలువ పనికి ఏకంగా 1945లోనే ఆమోదం ఉందని తేలింది. కాగితం మీద ఉన్న కాలువ ముప్ఫై ఏళ్లయినా నేల మీదికి దిగలేదు. వందల మంది పాలకవర్గ సమావేశానికి తరలివచ్చి, ఎందుకు తవ్వలేదని అడిగారు. మేయర్ చార్లెస్ బెకరే విస్తుపోయి, సంగతేమిటో తేల్చి పథకంతో రమ్మని అధికారులను పురమాయించాడు. అదే నవంబర్‌లో డ్రైనేజీ కోసం 4.68 కోట్ల డాలర్ల బాండ్లకు ఓటర్లు ఆమోదం తెలిపారు. కాప్స్ సభ్యులు సమావేశంలో కొత్తగా కోరిందేమీ లేదు. ఇస్తామన్నదే అడిగారు, తేదీతో సహా అడిగారు. మన పురపాలికల్లోనూ శంకుస్థాపన ఫలకాలు నిలబడి, పనులు కూలబడ్డ చోట్లు ఎన్నో. ఆ ఫలకం మీది తేదీని ఎదురుగా పెట్టి అడిగే పౌర సంఘాలు ఎన్ని ఉన్నాయో లెక్క తీస్తే బాగుండును.

మరుసటి ఏడాది ఇంకో ముచ్చట. నగర బడ్జెట్‌లో తమ పేటల వాటాకు వ్యాపారవర్గం మద్దతు పలకాలని కాప్స్ కోరింది. వాళ్లు వినిపించుకోలేదు. 1975 ఫిబ్రవరిలో ఒక రోజు పడమటి పేట ఆడవాళ్లు గుంపుగా జాస్కీస్ అనే పెద్ద బట్టల దుకాణానికి వెళ్లారు. ఖరీదైన కోట్లు ఒక్కొక్కటే తొడిగి చూడటం, తీసి పెట్టడం, ఇంకొకటి తొడగడం. నినాదం లేదు, రాయి లేదు. కొనకూడదన్న చట్టం లేనట్టే, చూడకూడదన్న చట్టమూ లేదు కదా! మామూలు కొనుగోలుదారులు వెనక్కి మళ్లారు. ఇంకొందరు ఫ్రాస్ట్ బ్యాంకులో వరస కట్టి డాలర్లిచ్చి పెన్నీలు (సెంటు నాణేలు) తీసుకున్నారు. మళ్లీ వరసలో నిలబడి ఆ చిల్లర ఇచ్చి డాలర్లు తీసుకున్నారు. కౌంటర్లలో పని స్తంభించిపోయింది. విశేషం ఏమిటంటే, బ్యాంకు అధిపతి టామ్ ఫ్రాస్ట్ తర్వాతి కాలంలో అదే కాప్స్‌తో చేతులు కలిపాడు. 1990లో లీవైస్ జీన్స్ ఫ్యాక్టరీ మూసేసి పనిని కోస్టారికాకు తరలిస్తే, వెయ్యిమందికి పైగా కార్మికులు, అందులో అత్యధికులు మెక్సికన్ అమెరికన్ మహిళలు, వీధిన పడ్డారు. అప్పుడు కాప్స్ పూనుకుని 1992లో 'ప్రాజెక్ట్ క్వెస్ట్' ఉద్యోగ శిక్షణ మొదలెట్టింది. పిల్లల సంరక్షణకు, రాకపోకలకు సాయం చేస్తూ కమ్యూనిటీ కాలేజీలో చదివించి, మెరుగైన జీతాల ఉద్యోగాలకు పంపించిన పథకం అది. శత్రువును ఓడించడం కంటే మిత్రుడిగా మార్చుకోవడం కష్టమైన విద్య. దానికి పతకాలు రావు.

ఇవన్నీ అలా ఉంచి, కాప్స్ చేసిన ఒక పని మా దృష్టిలో అన్నిటికీ మించినది. అధ్యక్ష పదవి ఎవరికీ శాశ్వతం కాకుండా చూసింది. సరాబియా తర్వాత బియాట్రిస్ గయేగో అనే గృహిణి వచ్చింది. ఆమె తర్వాత ఇంకొకరు, ఆ పైన మరొకరు. ఎక్కువమంది ఆడవాళ్లే. కోర్టెస్ ఎన్నడూ ఆ కుర్చీలో కూర్చోలేదు. 'ఎవరి పని వాళ్లు చేసుకోగలిగితే నువ్వు చేసిపెట్టకు' అన్నది వాళ్ల ఉక్కు నియమం. మన తెలుగు నేలపై నాయకుడంటే అన్నీ తానై చేసిపెట్టే పెద్దన్న. ఆయన లేకపోతే కొడుకు, అల్లుడు, కూతురు. ఇక అమెరికాలో తెలుగు సంఘాలు అధ్యక్ష పీఠం దగ్గరే చీలి, చీలిన ముక్కలు మళ్లీ చీలిన చరిత్ర మన పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు.

కుర్చీ మార్చని ఉద్యమానికి ఏం జరుగుతుందో లాటినో చరిత్రలోనే ఇంకో అధ్యాయం చెబుతుంది. 1965 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలోని డెలానోలో ద్రాక్ష తోటల సమ్మె మొదలెట్టింది లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలోని ఫిలిపినో కూలీలు. వారం తర్వాత సెసార్ చావెజ్ నాయకత్వంలోని మెక్సికన్ కూలీల సంఘం కలిసింది. అయిదేళ్ల పోరాటం, దేశమంతటా ద్రాక్ష బహిష్కరణ, 1970 జులైలో ఒప్పందాలు. బేరసారాల బల్ల దగ్గర తోటల యజమానులకు చెమటలు పట్టించిన డోలొరెస్ వెర్తా పేరు బయటివాళ్లకు తెలియడానికి దశాబ్దాలు పట్టింది. ఒక్క సెసార్ చావెజ్ బొమ్మే తపాలా బిళ్లల మీదికి, వీధుల పేర్లలోకి ఎక్కింది. 1970ల చివరికి చావెజ్ అనుమానంతో తన దగ్గరి కార్యకర్తలనే సాగనంపాడు. సంఘం చిక్కిపోయింది. కూలీల గెలుపు అబద్ధం కాదు. వంగి వంగి నడుము విరిచే పొట్టి పిడి కలుపు పారను 1975లో కాలిఫోర్నియా నిషేధించిందంటే ఆ కూలీల చలవే. మా మాట ఏమిటంటే, ఒక మనిషి చుట్టూ కట్టిన గుడి ఆ మనిషితో పాటే బీటలు వారుతుంది.

శాన్ ఆంటోనియో పడమటి పేటలో పెరిగిన విల్లీ వెలాస్కెజ్ 1974లోనే ఇంకో దారి పట్టాడు. యువకుడిగా ఉన్నప్పుడు ఆవేశపు రాజకీయం చూశాడు, చేశాడు కూడా. నినాదాలతో ఓట్లు రావని తేల్చుకుని 'సౌత్‌వెస్ట్ ఓటర్ రిజిస్ట్రేషన్ ఎడ్యుకేషన్ ప్రాజెక్ట్' స్థాపించాడు. టెక్సస్‌లో ఓటు హక్కు మీద కట్టిన గోడలు ఎన్ని ఉన్నాయో తెలిస్తే ఈ పని బరువు తెలుస్తుంది. ఓటు పన్ను డాలరు డెబ్బై అయిదు సెంట్లు. 1966 దాకా రాష్ట్ర ఎన్నికల్లో అది కట్టాల్సిందే. ఆ పైన ఏటా కొత్తగా పేరు నమోదు చేసుకోవాలన్న తిరకాసు 1971 దాకా నడిచింది. పత్తి ఏరడానికి ఊళ్లు పట్టి పోయే కూలీకి ఏటేటా పేరు రాయించుకోవడం ఎలా కుదురుతుంది? వెలాస్కెజ్ కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగారు. వాషింగ్టన్ రాజకీయం మాట్లాడితే తలుపు మూసుకునేది. మీ వీధికి తారు ఎందుకు పడలేదు అంటే లోపలికి రమ్మనేవారు. 'మీ ఓటే మీ గొంతు' అన్నది వాళ్ల నినాదం. నియోజకవర్గాల గీతలు అడ్డంగా గీసిన కౌంటీల మీద కోర్టుల్లో వరసగా దావాలు వేశారు. 1988 జూన్‌లో కేన్సర్ ఆయనను తీసుకుపోయేనాటికి వయసు 44. అప్పటికి లాటినో ఓటర్ల నమోదు దాదాపు రెట్టింపయింది. దేశపు అత్యున్నత పౌర పురస్కారం 1995లో వచ్చింది, ఆయన పోయిన ఏడేళ్లకు.

కాలువ కథ, ఓటు కథ 1977లో కలిశాయి. రెండేళ్ల ముందు, 1975లో, ఓటు హక్కు చట్టాన్ని టెక్సస్‌కూ వర్తింపజేశారు. ఆ బలంతో కేంద్ర న్యాయశాఖ శాన్ ఆంటోనియో విలీనాలకు అభ్యంతరం చెప్పింది. ఉత్తరాన కలుపుకున్న ప్రాంతాల వల్ల మెక్సికన్ ఓటు పలచబడుతోందన్నది దాని వాదన. చేసేది లేక నగరం పది వార్డుల పద్ధతికి మారింది, అదీ ప్రజాభిప్రాయ సేకరణలో బొటాబొటీ మెజారిటీతో. ఆ ఏప్రిల్ ఎన్నికల్లోనే పాలకవర్గంలో మైనారిటీ వర్గాలది పైచేయి అయింది. 1981లో హెన్రీ సిస్నెరోస్ మేయరయ్యాడు. ఆధునిక కాలంలో ఆ నగరానికి తొలి లాటినో మేయర్.

ఈ కథలో తెలుగువారికి ఏం పని అనేవాళ్లకు రెండు సంగతులు చెప్పాలి. అదే 1975 సవరణ భాషా మైనారిటీలకూ రక్షణ ఇచ్చింది. లాటినో హక్కుల సంస్థ మాల్డెఫ్ తరఫున విల్మా మార్టినెజ్ ప్రభృతులు దానికోసం గట్టిగా పోరాడారు. చట్టం పరిధిలో స్పానిష్ వారితో పాటు ఆసియన్ అమెరికన్లు, మూలవాసులు కూడా ఉన్నారు. షికాగో ఉన్న కుక్ కౌంటీలో హిందీలో, న్యూయార్క్ క్వీన్స్‌లో బెంగాలీలో ఎన్నికల సమాచారం దొరుకుతున్నదంటే మూలం అక్కడుంది. రెండోది, డాలస్ పక్కన ఇర్వింగ్. 2014లో గాంధీ విగ్రహం నిలబెట్టుకున్న ఆ ఊరు తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసిన పేరు. అక్కడా చాలాకాలం ఊరంతా కలిసి ఓటేసే పద్ధతే. మాన్యుయెల్ బెనావిడెజ్ అనే స్థానికుడు దాని మీద కోర్టుకెక్కాడు. అది ఓటు హక్కు చట్టానికి విరుద్ధమని 2009లో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. ఇర్వింగ్‌కు వార్డులు వచ్చాయి. ఇవాళ అక్కడ ఒక భారతీయ అమెరికన్ తన వాడ మనుషుల ఓటుతో గెలిచే వీలుందంటే, ఆ దారి వేసింది ఎక్కువమంది మనవాళ్లు పేరైనా వినని ఒక లాటినో పౌరుడు.

ఆ దారికి ఇప్పుడు గండ్లు పడుతున్నాయి. ఓటింగ్ నిబంధనలు మార్చాలంటే ముందస్తు అనుమతి కావాలన్న నియమమే శాన్ ఆంటోనియోకు వార్డులు తెచ్చింది. సుప్రీంకోర్టు 2013లో షెల్బీ కౌంటీ తీర్పుతో దానికి కోరలు పీకేసింది. 2020 జనగణనలో టెక్సస్ జనాభాలో లాటినోలు 39.3 శాతం, శ్వేతజాతీయులు 39.7 శాతం, దాదాపు సరిసమానం. అయినా 2025లో ఆ రాష్ట్రం దశాబ్దం మధ్యలోనే పార్లమెంటు నియోజకవర్గాల గీతలు చెరిపి మళ్లీ గీసింది. వెలాస్కెజ్ బతికి ఉంటే కోర్టులో దావా దాఖలు చేసి, ఆ సాయంత్రమే మళ్లీ ఇంటింటికీ బయల్దేరేవాడు.

అందుకే ఈ నెలలో లాటినో పెద్దలకు శుభాకాంక్షలు చెప్పే తెలుగు సంఘాలకు మాదొక విన్నపం. టెక్సస్‌లో ఇతరుల ఓటు దరఖాస్తులు సేకరించాలంటే కౌంటీ దగ్గర వాలంటీర్ డిప్యూటీ రిజిస్ట్రార్‌గా నియామకం పొందాలి. ఎన్నికకు 30 రోజుల ముందే పేరు నమోదు కావాలి. ఆన్‌లైన్‌లో కొత్తగా నమోదు చేసుకునే వీలు అక్కడ లేదు, కాగితమే గతి. ఒక్కో నియామకం సరి సంఖ్య సంవత్సరం డిసెంబర్ 31తో ముగుస్తుంది, మళ్లీ తీసుకోవాలి. నవంబర్ ఎన్నికలకు ఆ గడువు అక్టోబర్ మొదట్లో పడుతుంది, బతుకమ్మ, దసరా వేడుకలూ చాలా ఏళ్లు ఆ రోజులకు అటూ ఇటూగానే వస్తాయి. సభ ముందు చప్పట్ల కోసం వేసే వేదిక పక్కనే పౌరసత్వం వచ్చినవాళ్ల పేర్లు రాసుకునే బల్ల ఒకటి వేయండి. బల్ల వెనక కూర్చునే వాళ్లలో సగం మందిని పక్క వీధి లాటినో సంఘం నుంచి పిలవండి. ఆ పనిలో వాళ్లకు యాభై ఏళ్ల అనుభవం ఉంది.