ఇక్కడ అంటే ఎక్కడండీ?

మొన్న శ్రీకాకుళంలో ఒక కాలేజీ సెమినార్‌కి వెళ్ళాను, రెండు గంటల్లో నలభై స్లయిడ్లు వేశారు, నేను చూసింది మాత్రం సార్ చేతిలో లేజర్ లైటు వేసే ఒక ఎర్ర చుక్క. అదీ సగం సేపే. చుక్క స్క్రీన్ మీద దోమలా తిరుగుతోంది, సార్ ఏమో "ఇక్కడ తగ్గింది కాబట్టి ఇక్కడ పెరిగింది, ఇక్కడ చూస్తే మీకే తెలుస్తుంది" అంటున్నారు, మేం బుర్రలు ఊపేశాం, ఊపకపోతే తెలీదనుకుంటారు కదా.

వెనక బెంచీలో చూపు సరిగ్గా ఆనని కుర్రాడు లేచి "ఇక్కడ అంటే ఎక్కడ సార్" అన్నాడు. ఏటండీ ఆ పొగరు! సార్ మాత్రం శాంతంగా "ఇదిగో ఇక్కడే" అని చుక్కని ఇంకాస్త స్పీడుగా తిప్పారు.

ఆకుపచ్చ గ్రాఫ్ మీద ఎర్ర చుక్క, ఆ రెండు రంగులకీ తేడా తెలియని వాళ్ళుంటారని సార్‌కి ఎవరూ చెప్పలేదు పాపం. ఆన్‌లైన్లో ఉన్నోళ్ళ సంగతి ఇంకా గొప్పది, చేతిలో లేజర్ లైటు తెర మీద పడతాది గానీ జూమ్‌లోకి దూరదు, వాళ్ళకి కదలని స్లయిడూ, "ఇక్కడ ఇక్కడ" అని ఆకాశవాణీ.

దీనికి మందు లేదా అంటే ఉంది, అదే బాధ. పవర్‌పాయింట్‌లో స్లయిడ్ షో నడుస్తుండగా కంట్రోల్, ఎల్ కలిపి కొడితే మౌసే చుక్కయిపోతుంది, దూరాన ఉన్నోళ్ళకీ కనిపిస్తుంది, రంగు కూడా మార్చుకోవచ్చు. విండోస్‌లో యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లోకి వెళ్తే మౌస్ బాణం సైజు 1 నుంచి 15 దాకా పెంచుకోవచ్చు. కానీ అంత బాణం పెడితే సార్ పరువేం కాను? పైగా "ఎడమపక్క రెండో గడి" అని నోటితో కూడా చెప్పాలంట, చూడలేని వాళ్ళ కోసం! అలా అందరికీ అర్థమైపోతే ఇంక చదువుకి విలువేటుంటాది.

మా ఎలిమెంటరీ మాస్టారికి ఈ నాగరికత తెలీదు. మ్యాప్ మీద బెత్తం టక్‌మని ఆనించి, "వంశధార, ఒడిశాలో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తాది" అని పేరు పెట్టి చెప్పి, బెత్తం అక్కడే ఉంచేవారు. కళ్ళు మూసుకున్నోడికి కూడా నది కనబడిపోయేది. మోటు పద్ధతి.

అరసవల్లి గుడిలో సూర్యుడిదీ అదే మోటుతనం. మార్చిలో, అక్టోబర్‌లో మబ్బు లేకపోతే సుమారు 15 కోట్ల కిలోమీటర్ల నుంచి కిరణం తెచ్చి స్వామి పాదాల మీద పెట్టి కాసేపు ఆపుతాడు. మా సార్ పది అడుగుల నుంచి ఆపలేకపోయారు.

అంతా అయ్యాక ఫీడ్‌బ్యాక్ ఫారం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. ఎక్కడండీ అన్నాను. సార్ స్టేజీ మీంచే లేజర్ కొట్టి చూపించారు.