మన బిల్లు పెరిగింది పక్కింటి జీరో బిల్లు వల్లేనా?

ఎండాకాలం బిల్లులు చేతికి రాగానే తెలంగాణ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి మీద ఒక ఫార్వర్డ్ మళ్లీ లేస్తుంది. అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, చుట్టాల గ్రూపుల్లో, ఆఫీసు గ్రూపుల్లో తిరుగుతుంది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఇది: తెలంగాణలో కొందరికి 200 యూనిట్లు ఉచితంగా ఇచ్చి ఆ డబ్బు మిగతావాళ్ల బిల్లుల్లో వేస్తున్నారు. ఈ పథకం వచ్చాకే 200 దాటితే యూనిట్ 7.70 చేశారు. ఒక్క యూనిట్ దాటినా మొత్తానికి బిల్లు వేయడం డిస్కంల (కరెంటు పంపిణీ సంస్థల) మోసం. డబ్బున్నవాళ్లందరికీ జీరో బిల్లు వస్తోంది. దీనికి ఒకటే మందు, సోలార్ పెట్టించుకోండి, కేంద్రం నెలకు 300 యూనిట్లు ఫ్రీగా ఇస్తోంది.

అంతా అబద్ధమని కొట్టిపారేస్తే సరిపోదు. ఇందులో నిజం కొంచెం ఉంది. కాకపోతే అది ఫార్వర్డ్ చూపిస్తున్న చోట లేదు.

‘పథకం వచ్చాకే రేటు పెంచారు’

తేదీలు చూస్తే ఈ మాట నిలబడదు. గృహజ్యోతి 2024 ఫిబ్రవరి 27న మొదలైంది, జీరో బిల్లులు మార్చి 1 నుంచి ఇచ్చారు. 7.70 రేటు 2022 ఏప్రిల్ 1 నుంచే ఉంది. అంటే పథకానికి దాదాపు రెండేళ్ల ముందు, వేరే ప్రభుత్వం ఉన్నప్పుడు, విద్యుత్ నియంత్రణ మండలి (మనం ఈఆర్‌సీ అంటాం కదా, అదే) ఇచ్చిన ఉత్తర్వు అది. అంతకు ముందు ఇదే స్లాబు (వాడకం మెట్టు) 7.20. ఆ రేటు 2016 నుంచి నడిచింది. పథకం వచ్చిన తర్వాత 2024-25లో గానీ, 2025-26లో గానీ ఇళ్ల యూనిట్ ధర పెరగలేదు. 300 యూనిట్లు దాటిన ఇళ్లకు ఫిక్స్‌డ్ ఛార్జీ పెంచుతామని డిస్కంలు అడిగిన మాట నిజమే. 2024 అక్టోబరు ఉత్తర్వులో ఈఆర్‌సీ 800 యూనిట్ల లోపు ఇళ్ల జోలికి రానివ్వలేదు.

మరి బిల్లు ఎందుకు పెరిగినట్టు? రేటు కంటే స్లాబు పనే ఎక్కువ. నెలకు 250 యూనిట్లు కాల్చే ఇంటికి 2016 రేట్లలో యూనిట్ల ఖరీదు 1,360 రూపాయలు. 2022 రేట్లలో 1,405. తేడా 45 రూపాయలు. (కస్టమర్ ఛార్జీ కూడా అప్పుడే పెరిగింది, అది వేరే లెక్క.) అదే ఇంట్లో మే నెలలో ఏసీ తిరిగి 420 యూనిట్లు అయ్యాయనుకోండి. మొదటి 200కి 5.10 చొప్పున 1,020, తర్వాతి వందకి 7.70 చొప్పున 770, ఆపై వందకి 9 చొప్పున 900, చివరి 20కి 9.50 చొప్పున 190. మొత్తం 2,880. వాడకం మూడింట రెండొంతులు పెరిగితే బిల్లు రెండింతలు దాటింది. ఏసీ తెచ్చిన ఆ 170 యూనిట్లు ఒక్కోటి సగటున ఎనిమిదిన్నర రూపాయలకు పైనే పడ్డాయి. పక్కింటి జీరో బిల్లుకూ ఈ లెక్కకూ సంబంధం లేదు.

‘ఒక్క యూనిట్ దాటితే మొత్తానికి బిల్లు, ఇది మోసం’

మోసం కాదు, నిబంధనే అది. ఆ నిబంధన మంచిదా అంటే మాత్రం నేను సమర్థించను.

పథకం చెప్పేది ‘మొదటి 200 యూనిట్లు ఉచితం’ అని కాదు. ‘రేషన్ కార్డు ఉండి 200 లోపు వాడిన ఇంటికి ఆ నెల బిల్లు సున్నా’ అని. 201 వచ్చిందా, ఆ నెల మొత్తానికి కట్టాలి. వచ్చే నెల 180కి దిగితే మళ్లీ సున్నా. చాలామంది మొదటి అర్థంలో తీసుకోవడం వల్లే మే నెల బిల్లు చూసి రీడింగ్ తీసే అబ్బాయితో గొడవ పడుతున్నారు. పాపం, అతని చేతిలో ఉండేది మెషీన్ ఒక్కటే.

ఈ గీత గృహజ్యోతి గీసింది కాదు, అసలు టారిఫ్‌లోనే ఉంది. రేషన్ కార్డు లేని, ఏ రాయితీ రాని ఇంటిని తీసుకోండి. సరిగ్గా 200 యూనిట్లు వాడితే మొదటి వందకి 3.40, రెండో వందకి 4.80 చొప్పున 820 రూపాయలు. 201 వాడితే ఆ ఇల్లు వేరే కేటగిరీలోకి పోతుంది. అక్కడ మొదటి 200కి 5.10 చొప్పున 1,020, ఆ ఒక్క యూనిట్‌కి 7.70. మొత్తం 1,027.70. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు! 100 దగ్గర కూడా ఇలాంటి గుంతే ఉంది, కాస్త చిన్నది. 100 యూనిట్లకు 252.50, 101కి 344.80. ఇవన్నీ యూనిట్ల ఖరీదు మాత్రమే. కస్టమర్ ఛార్జీ, ఫిక్స్‌డ్ ఛార్జీ, యూనిట్‌కి 6 పైసల ఎలక్ట్రిసిటీ డ్యూటీ వీటికి అదనం.

300, 400 దగ్గర ఈ బాధ లేదు. అక్కడ దాటిన యూనిట్లకే పెద్ద రేటు పడుతుంది. ‘300 దాటితే మొత్తం బిల్లు మారిపోతుంది’ అనే మాట కూడా వింటుంటాం, అది తప్పు.

రాయితీ వచ్చే ఇంటికి 200 దగ్గరి గుంత ఇంకా లోతు. 200కి సున్నా, 201కి వెయ్యి పైన. ఇంత నిటారుగా ఉండక్కర్లేదని చెప్పడానికి వేరే రాష్ట్రాలు ఉన్నాయి. ఢిల్లీలో 200 దాకా సున్నా, 201 నుంచి 400 దాకా సగం రాయితీ, అదీ 800 రూపాయలు మించకుండా. కర్ణాటక గృహజ్యోతిలో ఒక్కో ఇంటికీ పాత వాడకం సగటును బట్టి పరిమితి కట్టారు. ఆ పరిమితి దాటి 200 లోపు వాడితే దాటిన యూనిట్లకే డబ్బు కట్టించుకుంటారు. 200 దాటితే అక్కడా మొత్తం కట్టాల్సిందే. ఫార్వర్డ్ రాసినవాళ్లు మోసం అనే బదులు ఢిల్లీలా మెట్లు పెట్టమని అడిగి ఉంటే నేనూ పదిమందికి పంపేవాణ్ని.

‘ఆ డబ్బంతా మన బిల్లుల్లో వేస్తున్నారు’

అసలు గుండెకాయ ఇదే కాబట్టి కాస్త ఆగి చూద్దాం.

ఉచితం అన్నప్పుడు కరెంటు ధర తగ్గదు. ఆ ధర కట్టే మనిషి మారతాడు, అంతే. 190 యూనిట్లు వాడిన ఇంటి కరెంటు ఖరీదు జీరో బిల్లులోనూ 772 రూపాయలే. అది ఇంటివాళ్లు కట్టకుండా రాష్ట్ర ఖజానా డిస్కంకు కట్టాలి. ఇది ప్రభుత్వాల ఇష్టానికి వదిలేసిన సంగతి కాదు. 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం రాష్ట్రం ఎవరికైనా రాయితీ ఇవ్వాలనుకుంటే ఆ సొమ్ము డిస్కంకు ముందుగానే చెల్లించాలి. చెల్లించకపోతే రాయితీ ఉత్తర్వు చెల్లదు, ఈఆర్‌సీ వేసిన ధరే అమల్లోకి వస్తుంది. తెలంగాణ 2025-26 బడ్జెట్‌లో గృహజ్యోతికి పెట్టిన మొత్తం 2,080 కోట్లు. ఇది పన్నుల డబ్బు. ఆ పన్నుల్లో మన వాటా ఉంది, జీరో బిల్లు ఇంటివాళ్లు సబ్బు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ కూడా ఉంది. మన కరెంటు బిల్లులో మాత్రం ‘గృహజ్యోతి’ పేరుతో ఒక్క పైసా లేదు.

నెలకు 180 యూనిట్లు వాడుతూ కార్డు లేని ఇల్లు 724 రూపాయల కరెంటు ఖరీదు కడుతుంది. 2024 ఫిబ్రవరిలో అంతే కట్టింది, ఏప్రిల్‌లోనూ అంతే. ఎదురింట్లో సున్నా అని చూసినప్పుడు కడుపు మండటం సహజం. అది ఎవరికి ఇవ్వాలి, ఎవరికి వద్దు అనే వాదన. దాన్ని ధర పెరిగిందనే వాదనగా మార్చకూడదు.

ఇక నిజం ఉన్న చోటు. యూనిట్ 1.95కి ఇచ్చే మొదటి స్లాబు డిస్కంకు అయ్యే ఖర్చుకు ఏ మాత్రం సరిపోదు. ఆ లోటును షాపులు, ఫ్యాక్టరీలు, పెద్ద స్లాబుల ఇళ్లు కొంత మోస్తాయి. దీన్ని క్రాస్ సబ్సిడీ అంటారు. 9.50 కడుతున్నవాళ్లు ఎవరి బరువో మోస్తున్నామని అనుకుంటే తప్పు కాదు. కానీ ఈ ఏర్పాటు గృహజ్యోతి కంటే చాలా పాతది, ఆ పథకాన్ని ఎత్తేసినా పోదు.

రెండోది ఇంకా ముఖ్యం. చట్టం ‘ముందుగా’ అంటుంది, ప్రభుత్వాలు ఆలస్యంగా ఇస్తాయి. కొన్నిసార్లు తమ సొంత బిల్లులే కట్టవు. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం విద్యుత్ రంగం మీద పెట్టిన శ్వేతపత్రం ప్రకారం డిస్కంల పోగుపడ్డ నష్టాలు 62,461 కోట్లు. ప్రభుత్వ శాఖలు డిస్కంలకు బాకీ పడ్డ బిల్లులే 28,673 కోట్లు. ఒక్క జీరో బిల్లు కూడా రాకముందు లెక్కలివి. నష్టాలకు డిస్కంలు అప్పు తెస్తాయి, ఆ అప్పు చివరికి రెండు దారుల్లో మన దగ్గరికి చేరుతుంది. మొదటి దారి ఖజానా. డిస్కంల అప్పుల భారం తగ్గించడానికి కేంద్రం తెచ్చిన ఉదయ్ పథకంలో తెలంగాణ 2017లో చేరి డిస్కంల అప్పు 8,923 కోట్లు తన నెత్తిన వేసుకుంది. రెండో దారి ట్రూఅప్, అంటే గడిచిన ఏళ్ల లోటును తర్వాతి బిల్లుల్లో రాబట్టుకోవడం. 2023లో తెలంగాణ డిస్కంల ట్రూఅప్ 12,718 కోట్లుగా తేలితే, ఎన్నికల ఏడాది కదా, ప్రభుత్వమే ఐదేళ్లలో కడతానంది. అంటే అది మళ్లీ మొదటి దారే. భయపడాల్సింది ఉంటే ఇక్కడ ఉంది. రాయితీ ఇచ్చినందుకు కాదు, ప్రకటించిన రాయితీ డబ్బు సమయానికి డిస్కంకు పోకపోతే. గ్రూపుల్లో ఎవరైనా ఈ నెల ప్రభుత్వం డిస్కంలకు ఎంత విడుదల చేసిందో పంపితే బాగుండు, ఒక్కరూ పంపరు.

కొందరు రుజువు కోసమని ఆంధ్రప్రదేశ్ బిల్లు ఫొటో పెట్టి, అందులో ఎఫ్‌పీపీసీఏ గీత చుట్టూ ఎర్ర సున్నా చుడతారు. అది వేరే రాష్ట్రం, వేరే ఈఆర్‌సీ. అనుకున్నదాని కంటే ఎక్కువ పెట్టి కరెంటు కొన్నందుకు అక్కడ వేసిన సర్దుబాటు ఛార్జీ అది. 2022-23 ఏడాదికే ఆరు వేల కోట్ల పైన తేలింది. గృహజ్యోతి ఆంధ్రాలో లేనే లేదు.

‘డబ్బున్నవాళ్లందరికీ జీరో బిల్లు వస్తోంది’

రేషన్ కార్డు ఉండాలి, కార్డుకు ఒక్క కనెక్షనే, 200 లోపు వాడాలి. అద్దెకున్నవాళ్లకూ వస్తుంది. కార్డులే దొంగ కార్డులంటారా, ఆ ఫిర్యాదు పౌరసరఫరాల వాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి.

ఈ పథకంలో నాకు కనిపించే విచిత్రం వేరే ఉంది. 90 యూనిట్లు వాడే ఇంటికి నెలకు కలిసొచ్చేది 221.50. 190 వాడే ఇంటికి 772. ఎక్కువ వాడిన ఇంటికి మూడున్నర రెట్లు రాయితీ. ఒక బల్బు, ఫ్యాను, టీవీతో గడిపే ఇంటికి అందులో మూడో వంతు కూడా రాదు.

‘సోలార్ పెట్టండి, కేంద్రం 300 యూనిట్లు ఫ్రీ’

కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్యఘర్ పేరులోనే ‘ముఫ్త్ బిజ్లీ’ (ఉచిత కరెంటు) ఉంది కాబట్టి ఈ పొరపాటుకు జనాన్ని తప్పుపట్టలేం. కేంద్రం నెలనెలా యూనిట్లు ఇవ్వదు. ఒకేసారి సబ్సిడీ ఇస్తుంది. ఒక కిలోవాట్‌కి 30,000, రెండింటికి 60,000, మూడూ ఆపైన ఎంతైనా 78,000. అది కూడా ప్యానెళ్లు బిగించి, నెట్ మీటర్ (తీసుకున్న కరెంటూ తిరిగి పంపిన కరెంటూ లెక్కగట్టేది) పెట్టి, తనిఖీ అయ్యాక బ్యాంకు ఖాతాలో పడుతుంది. మొదట ఖర్చు మనమే పెట్టాలి. 300 యూనిట్లు అంటే మూడు కిలోవాట్ల ప్లాంటు మన ఎండలకు నెలకు సుమారుగా ఇచ్చే కరెంటు. వానాకాలంలో తగ్గుతుంది. ఫిక్స్‌డ్, కస్టమర్ ఛార్జీలు ఎలాగూ ఉంటాయి.

ఎవరికి లాభం? 450 యూనిట్ల ఇంటికి యూనిట్ల ఖరీదు 3,165. అందులో 300 పైకప్పు మీద తయారైతే డిస్కం నుంచి నికరంగా తీసుకునేవి 150, వాటి ఖరీదు 580. నెలకు 2,585 మిగులు. ఖరీదైన పై స్లాబులు ముందు ఎగిరిపోతాయి, పైగా 200 గుంతకు ఇవతలికి వచ్చేస్తాం. సబ్సిడీ లెక్కకు ప్రభుత్వం పెట్టుకున్న ధర ప్రకారం మూడు కిలోవాట్లకు 1,45,000. సబ్సిడీ పోను 67,000. బయట అంతకంటే ఎక్కువే చెబుతారు. అయినా నాలుగైదేళ్ల లోపు ఖర్చు తిరిగొస్తుంది.

అదే 190 యూనిట్లు వాడుతూ జీరో బిల్లు అందుకుంటున్న ఇల్లు ఈ ఫార్వర్డ్ నమ్మి అప్పు చేసి ప్యానెళ్లు పెడితే నెలకు మిగిలేది ఏమీ లేదు. ఇప్పటికే సున్నా ఉన్న బిల్లు ఇంకెక్కడికి తగ్గుతుంది? రాష్ట్రం రాయితీ ఉన్నంత కాలం కేంద్రం రాయితీ ఆ ఇంటికి పనికిరాదు. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తులో అద్దెకుంటూ మే నెలలో 230 యూనిట్లు దాటి 1,251 కట్టే కుటుంబానికి కప్పూ లేదు, సబ్సిడీ కూడా అందదు. వాళ్లు చేయగలిగింది రీడింగ్ తేదీ తెలుసుకుని, నెల సగంలో మీటర్ మీద ఎంత తిరిగిందో ఒకసారి చూసుకోవడం. అప్పటికే 110 దాటి ఉంటే మిగతా సగంలో ఏసీ గంటలు తగ్గించుకోవచ్చు. ఆ 1,251 కట్టక్కర్లేకుండా పోతుంది.