సూది పర్లాకిమిడిలో, చికిత్స శ్రీకాకుళంలో: టీకా పరిహారం ఎక్కడ చిక్కుతుంది?

పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు కుటుంబాల్లో బిడ్డకు టీకా వేసేది ఒడిశా ఏఎన్ఎం. జ్వరం ముదిరి ఫిట్స్ వస్తే మాత్రం పరుగు శ్రీకాకుళానికో, విశాఖ కేజీహెచ్‌కో. పరిహారం కేసు బలహీనపడేది అక్కడే. టీకా కార్డు ఒక రాష్ట్రానిది, డిశ్చార్జి సమ్మరీ మరో రాష్ట్రానిది. సూది పడిన ఎన్ని గంటలకు ఫిట్స్ మొదలయ్యాయో కేస్‌షీటులో ఎక్కకపోతే ఆ రెండు కాగితాలకూ పొంతన దొరకదు. సూది వేసిన జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి రాతపూర్వకంగా తెలిపి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి.

టీకా తర్వాత వచ్చే సమస్యలను పరిశీలించే నిపుణుల కమిటీ కారణాన్ని వర్గీకరిస్తుంది. ఏ1 అంటే టీకా గుణం వల్లే వచ్చిన రియాక్షన్. చాలామంది ఇది వస్తే గెలిచినట్టే అనుకుంటారు, కానీ ఇందులో ఎవరి తప్పూ ఉండకపోవచ్చు. నిర్లక్ష్యం మీద వేసే దావాకు ఇదొక్కటే చాలదు. ఏ3 వేరు: నిల్వలోనో, కలపడంలోనో, వేయడంలోనో పొరపాటు. తట్టు-రుబెల్లా పొడిని ద్రావకంలో కలిపాక 4 గంటలు దాటితే పారేయాలి. అందులో ప్రిజర్వేటివ్ ఉండదు, సూక్ష్మజీవి చేరితే దాని విషం ప్రాణాల మీదకు తెస్తుంది. అందుకే సమాచార హక్కు దరఖాస్తులో వయల్ (టీకా సీసా) తెరిచిన సమయం, టీకాతోపాటు ద్రావకం బ్యాచ్ నంబరు, ఫ్రిజ్ ఉష్ణోగ్రతల రిజిస్టర్ నకలు అడగాలి. అదే వయల్ నుంచి వేయించుకున్న మిగతా పిల్లలకు ఏమైందో, పేర్లు లేకుండానైనా చెప్పమనాలి.

అందరికీ ఉచితంగా వేసే టీకాపై వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం దాదాపు వృథా. 1995 నాటి సుప్రీంకోర్టు తీర్పు అలాంటి సేవను వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోంచి తప్పించింది. ప్రభుత్వంపై సివిల్ దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. శాశ్వత లోక్ అదాలత్ ఆస్పత్రి సేవల వివాదాలను కోటి రూపాయల దాకా తీసుకుంటుంది. అయితే రాజీ కుదరకపోతే అదే తీర్పు చెప్పేస్తుంది, అప్పీలు ఉండదు. కమిటీ ఏ3 అని తేల్చినప్పుడు అటు వెళ్లవచ్చు. అసలు కారణమే వివాదమైతే, నిపుణులను క్రాస్ ఎగ్జామిన్ చేయగల సివిల్ కోర్టే నయం, ఏళ్లు పట్టినా సరే.

ఇక రాజీ పత్రం. దావాలో మైనరు తరఫున చేసే రాజీకి కోర్టు అనుమతి తప్పనిసరి. 'తుది పరిష్కారం' అన్న వాక్యం దగ్గర ఆగాలి. ఏడాది బిడ్డలో మాట, నడక వెనకబడ్డాయో లేదో ఇంకా పూర్తిగా తెలియదు, ముందుముందు వైద్యానికి హక్కు విడిగా నిలబెట్టుకోవాలి. ఆ వైద్యాన్ని కూడా డబ్బు రూపంలోనే రాయించాలి. ఒడిశా ఆస్పత్రిలో ఉచిత చికిత్స అన్న హామీ, శ్రీకాకుళంలో ఫిజియోథెరపీ చేయిస్తున్న కుటుంబానికి బస్సు చార్జీ కూడా తెచ్చిపెట్టదు.