బడిలో చాప్లెయిన్: టెక్సస్ వదిలేసిన జాగ్రత్తలు

టెక్సస్ ప్రభుత్వ బడుల్లో చాప్లెయిన్లను, అంటే ఆస్పత్రి, సైన్యం లాంటి చోట్ల మనుషులకు అండగా ఉండే మతగురువులను, పెట్టుకోవచ్చంటూ 2023లో ఒక చట్టం తెచ్చారు. దాన్ని ఎస్‌బీ 763 అంటారు. జీతమిచ్చి తీసుకోవచ్చు, వాలంటీర్లుగానూ రానివ్వొచ్చు. జీతాన్ని బడుల భద్రతకు ఇచ్చే నిధుల్లోంచే కట్టొచ్చు. నేరచరిత్ర తనిఖీ తప్పనిసరి చేశారు గానీ, రాష్ట్ర సర్టిఫికెట్ అక్కర్లేదన్నారు. అదే బడిలో కౌన్సిలర్ కావాలంటే మాస్టర్స్ డిగ్రీ ఉండాలి, పరీక్ష పాసవ్వాలి.

నా అభ్యంతరం చర్చి మీద కాదు. ఆస్పత్రిలో చావుబతుకుల మధ్య ఉన్న మనిషి పక్కన కూర్చునే చాప్లెయిన్ అంటే నాకు ఎంతో గౌరవం. అమెరికా సైన్యంలో ఆ ఉద్యోగానికి పీజీ స్థాయి మతవిద్య కావాలి, సొంత మతసంస్థ ఆమోదం కావాలి. వేరే మతం సైనికుడికీ అండగా నిలవాలి. బడి పిల్లల విషయంలో మాత్రం ఈ జాగ్రత్తలేవీ పెట్టలేదు. అందుకే వందమందికి పైగా చాప్లెయిన్లే ఈ చట్టాన్ని వాడుకోవద్దని స్కూల్ బోర్డులకు ఉమ్మడి లేఖ రాశారు.

టెక్సస్‌లో డాలస్ దగ్గరున్న ఫ్రిస్కో, ఇర్వింగ్ ప్రాంతాల ప్రభుత్వ బడుల్లో తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఇంట్లో చెప్పుకోలేని టెన్షన్‌తో వచ్చి 'బతకాలనిపించడం లేదు' అందనుకోండి. అప్పుడు ఏం అడగాలి, పిల్లను ఒంటరిగా వదలకుండా ఎవరిని పిలవాలి, ఇంటికి ఎలా చెప్పాలి? ఇదంతా శిక్షణతో వచ్చే పని. ఎంత మంచి మనసున్న పాస్టరైనా ప్రార్థనతో సరిపెడితే ఆ పిల్ల ప్రాణానికే ప్రమాదం. పైగా ఆయన పెద్దవాడు, బడి మనిషి. 'నాకు మీ మతం వద్దండీ' అని పదమూడేళ్ల పిల్ల ఎలా అంటుంది?

ఆస్ట్రేలియాలో 2007 నుంచి కేంద్ర నిధులతో స్కూల్ చాప్లెయిన్లు పనిచేస్తున్నారు. అక్కడా గొడవలు తక్కువేం కాదు. కేంద్రం నిధులిచ్చే పద్ధతి చెల్లదని ఆ దేశ అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు 2012లోనూ, 2014లోనూ తీర్పిచ్చింది. అయినా మతప్రచారం కూడదన్న నిబంధన ఉంది. 2023 నుంచి చాప్లెయిన్ బదులు మతంతో సంబంధం లేని ఉద్యోగినీ బడి ఎంచుకోవచ్చు. టెక్సస్‌లో మతప్రచారాన్ని నిషేధించాలని, తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి చేయాలని పెట్టిన సవరణలు సభలో వీగిపోయాయి. 2024లో ఇలాంటి చట్టమే తెచ్చిన ఫ్లోరిడా కూడా రాతపూర్వక అనుమతి కావాలంది.

టెక్సస్‌లో చాప్లెయిన్లను పెట్టుకోవాలా వద్దా అని 2024 మార్చి 1 లోపు ప్రతి స్కూల్ బోర్డూ ఓటు వేయాల్సి వచ్చింది. పెద్ద స్కూల్ జిల్లాలు చాలావరకు వద్దన్నాయి. అంతమాత్రాన కౌన్సిలర్ల కొరత తీరలేదు. 250 మంది పిల్లలకు ఒక కౌన్సిలర్ ఉండాలన్నది అమెరికా స్కూల్ కౌన్సిలర్ల సంఘం సిఫారసు. మన తల్లిదండ్రులు బోర్డు మీటింగుకు వెళ్లి అడగాల్సింది దీని గురించే: మా బడిలో ఒక్కో కౌన్సిలర్‌కు ఎంతమంది పిల్లలు? ఖాళీ పోస్టులు ఎప్పుడు నింపుతారు?