ఈగ కాగలిగిన నాగినికి తాళంచెవి ఎందుకు?

నిన్న రాత్రి హన్మకొండలో మా అక్క వాళ్లింట్లో అన్నం తింటూ ఒక సీరియల్ చూడాల్సి వచ్చింది. పేరు చెప్పను, అందరికీ తెలిసిన రకమే. ఇచ్ఛాధారి నాగిని. పాము మనిషి అవుతుంది, మనిషి ఈగ అవుతుంది, ఈగ తలుపు సందులోంచి దూరి అత్తగారి రూపం ఎత్తుతుంది, ప్రకటనలు అయిపోయేసరికి మళ్లీ పామే. ఈగ కాగలిగినప్పుడు అంతసేపు తాళంచెవి కోసం ఇల్లంతా ఎందుకు వెతికిందిరా అని అడిగాను. ఇంటర్ చదివే మా మేనల్లుడు ఫోన్‌లోంచి తల కూడా ఎత్తకుండా "మామా, అది పవర్. పవర్‌కి లాజిక్ ఏంది? మన పురాణాలన్నీ గట్లనే ఉంటయి గదా" అన్నాడు.

మొదటి మాటకు నాకు కోపం రాలేదు. ఆ రెండో మాటకు వచ్చింది, ఇంకా తగ్గలేదు.

గట్లనే ఉండవు. ఎవరు చెప్పారు వీళ్లకు ఈ మాట? మారీచుడిని తీసుకోండి. బంగారు లేడి అనగానే అందరికీ వెండి చుక్కలు, మెరుపులు, సీతమ్మ అడగడం గుర్తొస్తాయి. ఆ లేడి లోపల ఉన్నవాడు ఎంత వణికిపోతున్నాడో ఎవరికీ గుర్తుండదు. విశ్వామిత్రుడి యాగం దగ్గర చిన్నపిల్లవాడైన రాముడు కొట్టిన దెబ్బకు నూరు యోజనాల అవతల సముద్రంలో పడ్డవాడు వాడు. అప్పటి నుంచి చెట్టును చూసినా రాముడే కనిపిస్తున్నాడని, రథం, రత్నం లాంటి 'ర'తో మొదలయ్యే మాట విన్నా భయమేస్తోందని రావణుడి ముందే చెప్పుకుంటాడు. వద్దు వద్దని ఎంతో చెప్పి చూస్తాడు. వెళ్లకపోతే నేనే చంపుతానంటాడు రావణుడు. ఇటు పోయినా చావే, అటు పోయినా చావే, ఆ చావేదో రాముడి చేతిలోనే చస్తానని లేడి అవుతాడు. బాణం తగలగానే లేడి రూపం ఊడిపోయి రాక్షసుడి శరీరం బయటపడుతుంది, పోతూ పోతూ రాముడి గొంతుతో సీతా, లక్ష్మణా అని అరుస్తాడు. రూపం మార్చుకోవడమంటే ఇది! చర్మం మారింది, భయం మారలేదు. ఏ రూపంలో దాక్కున్నా చావు వెతుక్కుంటూ వచ్చింది. ఇంత బాధ ఉన్న పాత్రను చేతిలో పెట్టుకుని మనవాళ్లు లేడికి గ్రాఫిక్స్ చేయించడానికి డబ్బులు పోస్తారు, వాడి మొహం ఒక్క నిమిషం కూడా చూపించరు.

వాతాపి సంగతి చెప్పనే అక్కర్లేదు. పొట్టేలై, కూరై, తిన్నవాడి పొట్ట చీల్చుకుని బయటికొచ్చే శక్తి వాడిది. అన్న ఇల్వలుడు పిలిచేలోపు అగస్త్యుడు అరిగించుకున్నాడు, కథ అక్కడితో సరి. పసిపిల్లల పొట్ట నిమురుతూ "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అనే ప్రతి అమ్మమ్మకూ తెలుసు, రూపం మార్చే శక్తికి కూడా ఎక్కడో ఒక బొక్క ఉంటుందని. సీరియల్ రాసేవాళ్లకు తెలియదు.

దమయంతి స్వయంవరంలో నలుగురు దేవతలు అచ్చం నలుడిలాగే వచ్చి కూర్చుంటారు. ఆ పిల్ల మనసులో మొక్కుకుంటే అప్పుడు వాళ్ల గుర్తులు బయటపెడతారు. దేవతలకు చెమట పట్టదు, రెప్ప పడదు, నీడ ఉండదు, కాళ్లు నేలకు ఆనవు. నలుడి మెడలో దండ వాడిపోయి ఉంది, ఒంటి మీద దుమ్ముంది. దుమ్ము ఉన్నవాడినే ఆమె ఎంచుకుంది. ఇంతకన్నా గొప్ప సన్నివేశం ఎవరు రాశారో చూపించండి. మరి మన సీరియల్లో? పదేళ్లు కాపురం చేసిన మొగుడు, భార్య స్థానంలో వేరే ఆడది ఇంట్లో తిరుగుతుంటే గుర్తుపట్టడు. నడక తెలియదా, కూరలో ఉప్పు తెలియదా, పిల్లలను పిలిచే పిలుపు తెలియదా?

మా మేనల్లుడు ఇంగ్లిష్ సినిమాలు తెగ చూస్తాడు, అక్కడ లాజిక్ ఉంటుందంటాడు. నిజమే, ఉంటుంది. 1991లో వచ్చిన టెర్మినేటర్ రెండో భాగంలో ఆ ద్రవలోహం మనిషి తన సైజుకు తగ్గవాటిలాగే మారగలడు, తుపాకీ కాలేడు, బాంబు కాలేడు, కత్తుల్లాంటివే కాగలడు. హ్యారీ పాటర్‌లో వేరేవాళ్ల రూపం ఇచ్చే పాలీజ్యూస్ మందు తాగితే గంటే, అది కూడా అవతలి మనిషి వెంట్రుక దొరికితేనే. వాడికి ఇవన్నీ నోటికొచ్చు. మాయాబజార్ గురించి అడిగితే మాత్రం అది కామెడీ సినిమా కదా అంటాడు. 1957లో, ఏ కంప్యూటరూ లేని రోజుల్లో, ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి వస్తే సావిత్రి ఏం చేసిందో చూడమనండి. పాట మధ్యలో సుశీల గొంతు పోయి ఘంటసాల గొంతు వస్తుంది, ఆమె మెడ, భుజాలు, చూపు అన్నీ రంగారావువి అయిపోతాయి. మళ్లీ ఉలిక్కిపడి ఆడపిల్ల అవుతుంది. రూపం శశిరేఖది, బరువు ఘటోత్కచుడిది. ఆ బరువు కనిపించాలి, నేను అడిగేది అంతే.

మన దగ్గర ఊళ్లల్లో పాడుతూ ఆడుతూ చెప్పే ఒగ్గు కథలో చూడలేదా? మీసమున్న మనిషి కొంగు కప్పుకుని తల్లి అయి ఏడిస్తే, పందిరి కింద కూర్చున్న ఆడవాళ్లంతా ఏడ్చేవాళ్లు. నిజామాబాద్ జిల్లా చిందు భాగవతం కళాకారిణి చిందు ఎల్లమ్మ మగ వేషం కట్టినా ఆడ వేషం కట్టినా జనం నోరు తెరుచుకుని చూసేవాళ్లు. కామరూప విద్య, అంటే కోరిన రూపం ఎత్తే విద్య, నాకు అదే.

అసలు నన్ను ఎక్కువ మండించింది ఇంకా చెప్పలేదు. ఆ సీరియల్లో నాగిని పనిమనిషి రూపం ఎత్తగానే ఏ భాషలోకి దిగిందో తెలుసా? మన తెలంగాణ భాషలోకి. "ఏందమ్మా, గిన్నెలు తోమాల్నా" అంటుంది. పని అయిపోయి అసలు రూపంలోకి, పట్టుచీరలోకి రాగానే శుద్ధమైన పుస్తకాల తెలుగు. ఇంట్లో అందరూ నవ్వారు. మా అక్క కూడా నవ్వింది, పొద్దున లేస్తే ఆ భాషే మాట్లాడే మా అక్క. నాకు ముద్ద దిగలేదు. తెర మీద మన యాస రౌడీకి, పనిమనిషికి, తాగుబోతుకు ఇచ్చి ఇచ్చి, ఇప్పుడు పాముకు కూడా అదే పద్ధతి నేర్పారు! ఈ మధ్య హీరోలు కూడా మన భాష మాట్లాడుతున్నారు కదా అంటారు కొందరు. కొన్ని సినిమాల్లో మాట్లాడుతున్నారు, ఒప్పుకుంటా. సీరియల్లో మాత్రం చీర ఖరీదు తగ్గితేనే మన మాట బయటికొస్తుంది.

డిగ్రీలో నేను నాటకం పోటీల్లో మారీచుడి వేషం వేశాను. జడ్జిగా వచ్చిన ఒక పెద్దమనిషి అందరి ముందు "నటన బాగుంది బాబూ, ఆ యాస ఒక్కటి మార్చుకో, రాక్షసుడికైనా భాష శుద్ధంగా ఉండాలి" అన్నాడు. భయపడేవాడు భయపడేటప్పుడు తన ఇంటి భాషలోనే కదా వణుకుతాడు? చచ్చేటప్పుడు లేడి రూపమే నిలవలేదు, అరువు తెచ్చుకున్న భాష నిలుస్తుందా?

ఈ సీరియళ్లు రాసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఒక్క వారం ఆ నాగినిని పనిమనిషి రూపంలోనే ఉంచండి. తిరిగి మారడానికి వీల్లేకుండా చేయండి. గిన్నెలు తోమి తోమి చేతులు పగలనివ్వండి, జీతం అడిగితే ఆ ఇంటివాళ్లు ఏమంటారో విననివ్వండి. తర్వాత పట్టుచీర కట్టుకుని హాల్లోకి వచ్చి, అదే అత్తగారి ముందు నిలబడి, మన భాషలోనే మాట్లాడనివ్వండి. అప్పుడు అన్నం పక్కన పెట్టి మరీ చూస్తా.