కుడి చెయ్యి ఎత్తండి

ఒమాహాలో ఉండే మా బావ ఇంటికొచ్చిన చుట్టాన్ని కుదురుగా కూర్చోనివ్వడు. మిస్సోరీ నది దాటితే అయోవా, అక్కడ కౌన్సిల్ బ్లఫ్స్‌లో కేన్స్‌విల్ టాబర్నకుల్ అని మోర్మన్ల సభామందిరం, ప్రవేశం ఉచితం. ఆ చివరి ముక్క చాలు ఆయనకి. బయట మంచు పడుతోందని అక్క ఫ్లాస్కు నిండా ఫిల్టర్ కాఫీ పోసిచ్చింది. దార్లో బావ తాగాడు. దిగగానే "కాస్త పట్టుకో" అని నా చేతిలో పెట్టాడు, తను ఫొటోలు తియ్యాలట.

మోర్మన్లంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ వాళ్ళు. కాఫీ ముట్టరు. ఈ సంగతి బావకి తెలుసు. నాకు చెప్పలేదు.

లోపల, కోటుకి పేరుబిళ్ళ పెట్టుకున్న ఒక పెద్దావిడ మమ్మల్ని బల్లల మీద కూర్చోబెట్టింది. 1847 డిసెంబర్‌లో దుంగలు పేర్చి, 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పున్న హాలుని మూడు వారాల్లో లేపేశారట. అడుగున ఊట ఉండటంతో అది నిలవలేదు, 1849లో విప్పేశారు. ఇప్పుడున్నది 1996లో మళ్ళీ కట్టింది. ఈ శాఖని స్థాపించిన జోసెఫ్ స్మిత్‌ని 1844లో మూక చంపేశాక మూడున్నరేళ్ళు వాళ్ళకి అధ్యక్షుడే లేడు. 1847 డిసెంబర్ 27న ఇలాంటి హాల్లోనే జనం చేతులెత్తి బ్రిగమ్ యంగ్‌ని అధ్యక్షుడిగా ఒప్పుకున్నారు.

"మనమూ వాళ్ళలాగే కుడి చెయ్యి ఎత్తుదామా?" అందావిడ.

ఎత్తాను. ఫ్లాస్కుతో సహా.

బావ మూత సగమే తిప్పాడు. మొదటి చుక్క మణికట్టు మీద పడింది. తర్వాత ధారగా స్వెటర్ చేతిలోకి దిగి, మోచేయి దగ్గర కాసేపు ఆగి, దారి చూసుకుని చంకలోకి వెళ్ళింది. దించుదామంటే చుట్టూ అందరూ గంభీరంగా చేతులెత్తి ఉన్నారు. ఆ క్షణంలో దించితే బ్రిగమ్ యంగ్‌కి వ్యతిరేకంగా ఓటేసినట్టుంటుంది. అలాగే పట్టుకుని కూర్చున్నాను. కిటికీలు మూసిన గది, చికోరీ కలిపిన కాఫీ. ముందు వరసలో ఒక పెద్దాయన ముక్కు ఎగబీల్చి, వెనక్కి తిరిగి, మళ్ళీ ముందుకి తిరిగాడు.

నిజానికి 1845లో తాముండే నావూ పట్నం వదిలి పడమటి ఎడారికి వలసపోయే ముందు అయిదుగురున్న కుటుంబానికి మోర్మన్లు వేసుకున్న సామాన్ల చిట్టాలో కాఫీ 5 పౌన్లు ఉంది, టీ ఒక పౌను ఉంది. వేడి పానీయాలు వద్దన్న సలహా 1833 నుంచే ఉన్నా, దాన్ని గట్టిగా పట్టుకున్నది చాలా తర్వాత. ఇంకో మాట, అదే చిట్టాలో మిరప్పొడి ఒక్క పౌనే! అయిదుగురికి, ఎడారి దాకా! కానీ ఇదంతా నేను ఇంటికొచ్చాక చదివాను. చంకలో కాఫీ కాగుతున్నప్పుడు చరిత్ర గుర్తురాదు.

ఆవిడ దగ్గరకొచ్చి ఎంతో మర్యాదగా, "హాట్ చాక్లెట్టా?" అనడిగింది.

నేను నోరు తెరిచేలోపే బావ "అవునవును" అన్నాడు. అని, ఫొటో తీశాడు.

ఆ ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. కింద "బావమరిది మోర్మన్లలో కలిసిన శుభ సందర్భం" అని రాశాడు. తెనాలిలో అప్పుడు తెల్లవారుజాము. అమ్మ వెంటనే ఫోన్ చేసింది.

"ఏరా, అయితే ఇక కాఫీ మానేస్తావా?"