ఆ వీడియోలో జంతువుకు మచ్చలేవి బావా?

పది రోజుల్లో ఆ మెసేజ్ నాకు ఆరుసార్లు వచ్చింది. ఫ్యామిలీ గ్రూపులో బావ పెట్టాడు, టెన్త్ బ్యాచ్ గ్రూపులో ఇద్దరు పెట్టారు, నిన్న కోళ్ల దాణా అమ్మే ఆయన కూడా పంపాడు. "నల్లమల చిరుతలు ఊళ్ల మీద పడ్డాయి, మీ ప్రాణాలు మీరే కాపాడుకోండి, పది మందికి పంపండి" అని మొదలవుతుంది. కింద ఒక వీడియో, ఐదు పాయింట్లు. ఇన్నాళ్లూ డిలీట్ కొట్టి ఊరుకున్నాను. నాలుగో పాయింటు సరిగ్గా చదివాక ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు వీడియో సంగతి. కొండదారిలో ఒకతను వెనక్కి వెనక్కి నడుస్తుంటాడు, జంతువు పళ్లు చూపిస్తూ మీదికొస్తుంటుంది. "మన్ననూరు దగ్గర తీసింది" అట. అతను అరిచేదంతా ఇంగ్లిష్. మన్ననూరులో ఇంగ్లిష్ వచ్చినవాళ్లు లేరా అంటారేమో, పోనీ జంతువునైనా చూడండి. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. అది కూగర్ అనే మచ్చల్లేని పెద్ద పిల్లిజాతి జంతువు. అమెరికా ఖండాల్లో తప్ప ఇంకే అడవిలోనూ ఉండదు. 2020 అక్టోబర్‌లో యూటా రాష్ట్రంలో ప్రోవో ఊరి పక్కన తీసిన వీడియో ఇది. జాగింగ్‌కు పోయినతనికి దారిలో కూనలు కనిపించాయి. తల్లి వచ్చి ఆరు నిమిషాల పాటు అతన్ని అక్కడి నుంచి తరిమింది. చివర్లో అతను వంగి రాయి తీసి విసిరితే వెనక్కి ఉరికింది. ఆ చివరి ముక్కను మనవాళ్లు కట్ చేసి పంపుతున్నారు, ఎందుకో వాళ్లకే తెలియాలి.

మొదటి పాయింటు: "ఆఫ్రికా నుంచి విమానంలో తెచ్చిన చిరుతలను రాత్రికి రాత్రి మన అడవిలో వదిలారు." తెచ్చినవి చీతాలు. చీతా వేరు, మన చిరుత వేరు. 2022 సెప్టెంబర్‌లో నమీబియా నుంచి 8, మరుసటి ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి 12 వచ్చాయి. వదిలింది మధ్యప్రదేశ్‌లోని కూనోలో. మన చిరుత ఎక్కడి నుంచో దిగింది కాదు. మా తాత గొర్లు కాసే రోజుల్లోనూ ఈ గుట్టల్లో ఉన్నదే. 2025లో మహబూబ్‌నగర్ పట్టణం అంచునే, తిరుమల దేవుని గుట్ట బండల మీద జనానికి కనిపించిందంటే, దానికి విమానం టికెట్ కొనాల్సిన పని లేదు.

రెండోది, "చిరుత కనిపిస్తే చెట్టెక్కండి." జింకను నోట కరుచుకుని చెట్టెక్కే జంతువు అది. కానివ్వండి, ఎక్కండి.

మూడోది, "అన్నింటినీ పట్టి నల్లమలలో వదిలేయాలి." వినడానికి బాగుంది. నేనూ ఒకప్పుడు ఇదే అనేవాణ్ని. కానీ మహారాష్ట్రలోని జున్నర్‌లో అచ్చం ఈ పనే చేశారు. 2001 నుంచి చెరకు తోటల్లో చిరుతలను పట్టి దూరం అడవుల్లో వదిలారు. మనుషుల మీద దాడులు అంతకుముందు ఏడాదికి సగటున 4 ఉండేవి, 17 అయ్యాయి. ఎందుకంటే ఏ అడవీ ఖాళీగా ఉండదు. కొత్తచోట అప్పటికే ఇంకో చిరుత ఉంటుంది, దీనికి నీళ్లెక్కడో దారెక్కడో తెలియదు, బోనులో దెబ్బలు తిని బెదిరి ఉంటుంది, తన చోటు వెతుక్కుంటూ ఊళ్ల మీదుగా తిరుగుతుంది. ఇక్కడైతే ఇంకో చిక్కు. నల్లమలలోని మన అమ్రాబాద్ పెద్దపులుల అడవి. పెద్దపులి ఉన్నచోట చిరుత అంచులకు జరుగుతుంది. అంచున ఉన్నవి మన తండాలే కదా! జున్నర్ కథ సుఖాంతమైందని నేను చెప్పడం లేదు, అక్కడ ఇప్పటికీ మనుషులు పోతున్నారు. ఈ మందుతో ఆ రోగం తగ్గలేదని మాత్రమే అంటున్నాను.

ఇక నాలుగోది. "చిరుత చంపిన దూడ కళేబరంలో పురుగుల మందు పెట్టండి, చేను చుట్టూ కరెంటు తీగ లాగండి, ప్రాణరక్షణ కాబట్టి కేసు కాదు."

ఇది రాసినాయన ఎవరో గాని ఒక్కరోజైనా చేనుకు పోయాడా? రాత్రిపూట మోటరు వేయడానికి పోయేది ఎవరు, చిరుతా? స్టార్టర్ దగ్గర నుంచి లాగిన తీగ పంది కాలినీ, మనిషి కాలినీ వేరుచేసి చూడదు. అడవి పందుల కోసం పెట్టిన తీగ తగిలి పక్కచేను రైతు పోయాడనో, పెట్టినవాడే మరిచిపోయి తొక్కాడనో వార్త చదవని ఏడాది ఉందా? సోలార్ ఫెన్సింగ్ వేరు. అందులో కరెంటు క్షణంలో వందోవంతు కూడా ఉండకుండా ఆగి ఆగి కొడుతుంది, ఝల్లుమనిపించి వదిలేస్తుంది. లైన్ కరెంటు అలా వదలదు. బైకు క్లచ్ వైరు ఉచ్చులు కూడా అంతే. 2020 మేలో నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం రాజాపేట తండా దగ్గర కంచెలో చిక్కిన చిరుత, పట్టడానికి వచ్చిన సిబ్బంది మీదికే దూకి గాయపరిచింది. మత్తిచ్చి హైదరాబాద్ జూకు తరలించినా బతకలేదు. చిక్కని చిరుతకన్నా చిక్కిన చిరుతే ప్రమాదం.

"కేసు కాదు" అన్నదానికి ఒక్క మాట. చిరుత 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలోది. కళేబరంలో మందు పెట్టి చంపడం వేట కిందికే వస్తుంది, మూడు నుంచి ఏడేళ్ల జైలు. మీదికి దూకినప్పుడు ప్రాణం కాపాడుకోవడం వేరు, చచ్చిన దూడలో మందు కూరి ఇంటికొచ్చి పడుకోవడం వేరు. బెయిలు కోసం తిరిగేటప్పుడు ఈ మెసేజ్ ప్రింటు తీసి చూపించండి.

ఇంత కోపం ఎందుకంటే, ఒక రాత్రి నేనూ ఆ పనికి సిద్ధమైనవాణ్నే. మూడేళ్ల కింద మా దొడ్డిలో చిరుత పడింది. తుమ్మకంప కంచె, పైన ఏమీ లేదు. ఒక మేకను ఎత్తుకుపోయింది, ఇంకో మేక, పొట్టేలు చచ్చి పడి ఉన్నాయి. టార్చి వేసి చూస్తే మేక నిద్రపోతున్నట్టే ఉంది. గొంతు కింద నాలుగు రంధ్రాలు, నెత్తురు కూడా పెద్దగా లేదు. నాన్న ఏమీ మాట్లాడకుండా అటక మీది మందు డబ్బా దించాడు. నేను చేతికి కవరు తొడుక్కున్నాను. అమ్మ ఒక్కటే అన్నది: "పొద్దుగాల మన కుక్క గూడ గక్కడికే పోతది గదా." డబ్బా మళ్లీ అటకెక్కింది. కుక్క ఇప్పటికీ ఉంది.

అందుకే ఐదో పాయింటుకు నా దగ్గర జవాబు లేదు. "జీవాలు పోతే పట్టించుకునే నాథుడు లేడు" అని రాశారు. నిజం. పరిహారం ఉంది, కాదనను. కాని పంచనామా, పశువైద్యుడి సర్టిఫికెట్, ఫోటోలు, బ్యాంకు పాసుబుక్కు అంటూ ఒక ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగాను. ఒకసారి ఫోటోలో మేక మెడ సరిగ్గా కనిపించడం లేదన్నారు. మందు డబ్బా ఇరవై నిమిషాల్లో పని చేస్తుంది, ఆఫీసు నాలుగు నెలలకు చేస్తుంది. ఈ తేడా ఉన్నన్నాళ్లు నాలుగో పాయింటుకు లైకులు పడుతూనే ఉంటాయి. పిల్లల గురించిన భయం కూడా ఉత్తది కాదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపింది. చీకటి పడ్డాక చిన్నపిల్లలను ఒంటరిగా బయటికి పంపొద్దని ఆ మెసేజ్‌లో ఉంటే నేనే వంద మందికి పంపేవాణ్ని. అది తప్ప అన్నీ ఉన్నాయి.

ఇంకా అందులో లేనిది చికెన్ షాపుల వ్యర్థాలు. ఊరి బయట బస్తాలకు బస్తాలు పారబోస్తాం, కుక్కలు చేరతాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది. బావా, మీ కోళ్లఫారం వెనక గుంత గురించే అంటున్నాను.

మా దొడ్డికి ఇప్పుడు చుట్టూ ఇనుప జాలి, పైన కూడా జాలి, రేకు తలుపు. మొత్తం పద్దెనిమిది వేలైంది. ఆ తర్వాత రెండుసార్లు బయట అడుగుజాడలు కనిపించాయి, జీవాలు ఒక్కటీ పోలేదు. కొలతలు కావాలంటే ఫోన్ చేయండి. తలుపు కింద మాత్రం జానెడు సందు కూడా వదలొద్దు, మేం మొదట వదిలి మళ్లీ వెల్డింగ్ ఆయన్ను పిలిపించాల్సి వచ్చింది.